ధనుష్కోడి రైలు కట్ట వెంట

మా అత్తయ్యకు రామేశ్వరం గుళ్లో 22 తీర్థాల స్నానం మొక్కు ఉంది. మావయ్యకు మొక్కులేవీ లేవు గానీ, ఒక పూట మొత్తం తనకు వదిలేయాలని విజయవాడలో రైలెక్కక ముందే షరతు పెట్టాడు. ఆ పూట ధనుష్కోడి రైలు కట్ట చూడాలి. రామేశ్వరం దీవి కొసన, 1964 తుఫానుకు ఊరూ రైలూ పోయిన చోటు అది. రామేశ్వరం వెళ్లిన మనవాళ్లంతా ధనుష్కోడి కూడా చూసే వస్తారు. సేతువు మొదలైన చోట సముద్రానికి దండం పెట్టి, పాడుబడిన చర్చి ముందు ఫొటో దిగి, శంఖాలు బేరమాడి వెనక్కి తిరుగుతారు. మావయ్యకు కావలసింది అదేమీ కాదు. ఆయన రైల్వేలో పట్టాల పని చేసి రిటైరైన మనిషి. గుంటూరు–మాచర్ల లైను మీటర్ గేజిగా ఉన్న రోజుల్లోనే గ్యాంగులో చేరాడు. రైళ్లు ఆగిపోయాక కట్ట ఏమైపోతుందో చూడాలని ఆయన కోరిక.

ఈ కోరిక ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన ఉండే పేట చూస్తే తెలుస్తుంది. సత్యనారాయణపురం. ఒకప్పుడు ఆ ఇళ్ల మధ్య నుంచే గుడివాడ వైపు రైళ్లు వెళ్లేవి. ఆ లైను తీసేశాక ఆ జాగాలో బీఆర్టీఎస్ రోడ్డు వేశారు. ఇప్పుడక్కడ వాకింగ్ చేసేవాళ్లు, తినుబండారాల బండ్లు, బైకుల రొద. కొత్తగా పేటకు వచ్చినవాళ్లకు చెబితే తప్ప అక్కడ రైలు నడిచిందని తెలియదు. "ఊళ్లో రైలు పోతే ఆ జాగాలోకి మనిషి వస్తాడు. మనుషులు కూడా వెళ్లిపోయిన చోట ఎవరొస్తారో చూడాలిరా" అనేవాడు మావయ్య.

చెన్నై దాకా ప్రయాణం గురించి చెప్పేదేమీ లేదు. అక్కడి నుంచి ఎక్కిన రైలుకు మాత్రం చెప్పుకోదగ్గ కథ ఉంది. రామేశ్వరం వెళ్లే ఆ ఎక్స్‌ప్రెస్‌ను జనం ఇప్పటికీ బోట్ మెయిల్ అనే పిలుస్తారు. 1914లో పాంబన్ వంతెన తెరిచాక మద్రాసు నుంచి ఈ రైలు తిన్నగా ధనుష్కోడి ఒడ్డుకు వచ్చేది. ప్రయాణికులు అక్కడ స్టీమర్ ఎక్కి తలైమన్నార్‌లో దిగితే, అవతల కొలంబో రైలు సిద్ధంగా ఉండేది. మధ్యలో సముద్రం 35 కిలోమీటర్లు కూడా ఉండదు. ఇప్పుడు పడవా లేదు, ఆ ఒడ్డూ లేదు. పేరొక్కటి రోజూ రామేశ్వరం దాకా వచ్చి ఆగుతోంది. ఇంకో విచిత్రం మావయ్య చెబితేనే తెలిసింది. ఆ రోజుల్లో పాంబన్ ఒక జంక్షన్. అసలు లైను ధనుష్కోడి వైపు వెళ్తే, రామేశ్వరానికి వెళ్లేది ఓ చిన్న కొమ్మ. ఇవాళ మనం ఎక్కే రైళ్లన్నీ ఆ కొమ్మ మీద నడుస్తున్నవే.

పాంబన్ దగ్గర పడుతుండగానే మావయ్య తలుపు దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు. రైళ్లు ఇప్పుడు 2025 ఏప్రిల్‌లో ప్రారంభించిన కొత్త వంతెన మీద నడుస్తున్నాయి. ఓడ వస్తే మధ్యలో 72.5 మీటర్ల స్పాన్ (రెండు స్తంభాల మధ్య భాగం) లిఫ్టులాగా నిలువునా పైకి లేస్తుంది. అందరూ దాన్ని వీడియో తీస్తుంటే ఈయన మాత్రం పక్కనున్న పాత వంతెననే చూస్తున్నాడు. 1964 డిసెంబర్ తుఫానుకు దాని 145 స్పాన్‌లలో 126 కొట్టుకుపోయాయి. ఓడల కోసం రెండుగా విచ్చుకునే స్పాన్ మాత్రం నిలిచింది. బాగు చేయడానికి ఆరు నెలలు పడుతుందనుకున్న వంతెనను శ్రీధరన్ అనే యువ ఇంజనీరు 46 రోజుల్లో నిలబెట్టారు. తర్వాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టించిన శ్రీధరన్ ఆయనే. సముద్రంలో కూలిన గర్డర్లను వెతికి తెచ్చి మరీ బిగించారట. వంతెనకు అంత తొందర పడ్డవాళ్లు, అవతల ధనుష్కోడి లైను జోలికి మాత్రం వెళ్లలేదు. ఊరు నివాసానికి పనికిరాదని ప్రభుత్వం ప్రకటించింది, దాంతో లైను పని కూడా అయిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆటో మాట్లాడుకున్నాం. యాత్రికులతో తిరిగీ తిరిగీ డ్రైవర్‌కు తెలుగు బాగానే వచ్చు. మాది విజయవాడ అనగానే "సావిత్రమ్మ ఊరా?" అన్నాడు. సావిత్రి పుట్టింది గుంటూరు జిల్లా చిర్రావూరులో, నాటకాలు నేర్చుకున్నది విజయవాడలో. కాబట్టి అవునని ఒప్పుకున్నాం. తుఫాను రోజుల్లో ఆవిడ, జెమినీ గణేశన్ ధనుష్కోడి చూసి రామేశ్వరం తిరిగొచ్చేశారని, అందుకే బతికారని ఇక్కడ చెప్పుకుంటారు. డ్రైవర్ ఆ కథను తన కళ్లతో చూసినట్టే చెప్పాడు. అతని వయసు చూస్తే అప్పటికి వాళ్ల నాన్న కూడా చిన్నపిల్లాడే అయుండాలి.

ఊరు దాటగానే మావయ్య అడిగిన మొదటి ప్రశ్న "రామేశ్వరం రోడ్ స్టేషన్ ఎక్కడుండేది?" అని. పాత ధనుష్కోడి లైను మీది స్టేషన్ అది. డ్రైవర్‌కు తెలియదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రామేశ్వరంలో రైలు ఆపడం మానేస్తే, ఈ దారిలోనే నడుస్తున్న రైల్లోంచి పత్రికల కట్టలు విసిరేవారు. వాటిని ఏరి అందించడం చిన్నప్పటి అబ్దుల్ కలాం పని. తన మొదటి సంపాదన అదేనని ఆయనే రాసుకున్నారు. రామేశ్వరంలో కలాం ఇంటి ముందు క్యూ కట్టి నిలబడతాం గానీ, ఆ కట్టలు పడిన దారి ఎక్కడో చూపించే బోర్డు నాకు ఒక్కటీ కనబడలేదు.

కోదండరామ ఆలయం మలుపు దాటాక నేల సన్నబడుతూ పోతుంది. ఎడమ వైపు పాక్ జలసంధి, చెరువు నీళ్లంత నెమ్మది. కుడి వైపు మన్నార్ సింధుశాఖ, ఎప్పుడూ ఎగిసిపడుతూనే ఉంటుంది. మధ్యనున్న ఆ ఇసుక పట్టీ మీదే ఒకప్పుడు రైలు, ఇప్పుడు రోడ్డు. ఒకచోట ఆటో ఆపించి మావయ్య దిగాడు. నాకు ఇసుక, తుమ్మకంప తప్ప ఇంకేమీ కనబడలేదు.

"ఆ తుమ్మలు చూడు, వరసలో ఉన్నాయా లేదా?" అన్నాడు.

చూస్తే నిజమే. మిగతా చోట్ల సర్కారు తుమ్మ ఇష్టం వచ్చినట్టు పెరిగింది. ఒక్కచోట మాత్రం గీత గీసినట్టు తిన్నగా సాగి, కొంత దూరం పోయాక మెల్లగా వంగింది. అడవిలో చెట్టు అలా వంపు తిరగదు, అది రైలు కర్వు అన్నాడు. కట్ట కాస్త ఎత్తు. వాన పడితే ఉప్పు కిందికి దిగిపోతుంది, సముద్రపు నీరు పైదాకా రాదు, కంకర సందుల్లో తడి నిలుస్తుంది. గింజ పడితే మొలిచేది అక్కడే. రైలును ఆపేసింది సముద్రమే అయినా, రైలు నడిచిన దారిని చెరగకుండా పట్టుకున్నది ఈ కంపే. మా పల్నాడులో పొలాల గట్లన్నీ మింగేసిందని మేం తిట్టుకునే మొక్క ఇక్కడ కాపలా కాస్తుంటే, దాన్ని తిట్టబుద్ధి కాలేదు.

తుమ్మ ఆగిపోయిన చోట రావణాసురుడి మీసాలు మొదలయ్యాయి. సూర్యలంక తీరంలో కూడా ఉంటుంది, సూదుల్లాంటి ఆకులతో గుండ్రంగా పెరిగే ఇసుక గడ్డి. దాని గుత్తులు ఎండి విరిగి, గాలికి దొర్లుకుంటూ పోతుంటాయి. గాలి తెచ్చిన ఇసుకను ఈ గడ్డి పట్టి ఆపుతుంది. ఆగిన ఇసుక దిబ్బవుతుంది, దిబ్బ కింద కట్ట కనబడకుండా పోతుంది. మావయ్య చెప్పు కొనతో తవ్వి తవ్వి ఒకచోట తుప్పు పట్టిన ఇనుప ముక్క బయటికి తీశాడు. పొరలు పొరలుగా రాలిపోతోంది. పట్టాను స్లీపరుకు బిగించే మేకు అయుండొచ్చన్నాడు. ఇంటికి తీసుకెళ్దామని నేనంటే ఒప్పుకోలేదు, మళ్లీ అక్కడే పూడ్చాడు. రైల్వే సొత్తు దొంగతనం కేసు పెడతారని నవ్వాడు గానీ, ఆ నవ్వులో సగం నిజమే ఉంది.

స్టేషన్ దగ్గర మిగిలింది రాతిగోడలు, కమాన్లు, ఇంజన్లకు నీళ్లు పట్టే ట్యాంకు మొండెం. కాస్త దూరంలో పైకప్పు లేని చర్చి. ఆ గోడల్లో చాలా వరకు పగడపు రాయి. సముద్రం నుంచి తీసి కట్టిన రాయిని ఇప్పుడు ఉప్పుగాలి మళ్లీ పిండి చేస్తోంది. గోడల మీద ప్రేమికుల పేర్లు మాత్రం కొత్తగా మెరుస్తున్నాయి. ఇంత పేరున్న చోట గట్టి కంచె ఒకటి కట్టడానికి ఏమడ్డమో నాకు అర్థం కాలేదు.

1964 డిసెంబర్ 22 రాత్రి పాంబన్ నుంచి వచ్చిన 653 నంబర్ ప్యాసింజర్ ఈ స్టేషన్‌కు కొన్ని వందల గజాల దూరంలో ఆగింది. సిగ్నల్ పడలేదు. చాలాసేపు చూసి డ్రైవర్ ఈల వేసి బండిని కదిలించాడంటారు. అర్ధరాత్రి ప్రాంతంలో అల వచ్చి రైలు మొత్తాన్ని ముంచేసింది. లెక్కల్లో ఉన్నది 110 మంది ప్రయాణికులు, ఐదుగురు సిబ్బంది. టికెట్ లేనివాళ్లు కూడా ఉన్నారని, మొత్తం 200 దాకా పోయారని కూడా అంటారు. "సిగ్నల్ లేకుండా బండి కదిలించడానికి ఏ డ్రైవరూ ఇష్టపడడు. నిలబడితే ఇంకా ప్రమాదమనుకునే కదిలించి ఉంటాడు" అన్నాడు మావయ్య. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

అత్తయ్య పుట్టిల్లు రేపల్లె పక్క పల్లె. 1977 నవంబర్ 19 ఉప్పెన అవతలి ఒడ్డున దివిసీమను ఊడ్చేసినప్పుడు ఆవిడకు ఊహ తెలుసు. చర్చి, స్టేషన్ ఆవిడ పెద్దగా పట్టించుకోలేదు. తాటాకు పాకల దగ్గరకు వెళ్లి, ఇసుకలో తవ్విన చెలమలోంచి నీళ్లు తోడుతున్న ఆడవాళ్లతో మాట కలిపింది. అటూ ఇటూ సముద్రం, మధ్యన నాలుగడుగులు తవ్వితే మంచినీళ్లు. వాన నీరు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటి మీద తేలి ఉంటుంది. నోట్లో పోసుకుంటే నిజంగానే ఉప్పులేదు. ఊరు చనిపోయిందని రాసేవాళ్లు ఈ చెలమల దగ్గరకు ఒకసారి వెళ్లాలి. పనికిరాదన్న ఊళ్లో చేపలు పట్టుకుంటూ ఇన్ని కుటుంబాలు బతుకుతూనే ఉన్నాయి.

"తుఫాను షెల్టర్ ఏది?" అని అడిగింది అత్తయ్య. మా వైపు తీరం పల్లెల్లో అది ఉండాల్సిందే. డ్రైవర్ తమిళంలోకి మార్చి చెప్పాడు. తుఫాను వస్తుందంటే అధికారులు రామేశ్వరం తరలిస్తారని వాళ్లు బదులిచ్చారు. ఉన్న ఒక్క రోడ్డూ మునిగితే ఎలా వెళ్తారని ఆవిడ ఇంకో ప్రశ్న వేసింది. ఒకామె నవ్వి ఊరుకుంది.

ఊరి వెనక ఉప్పునీటి మడుగుల్లో ఫ్లెమింగోలు గుంపుగా నిలబడి ఉన్నాయి. పులికాట్ దాకా వచ్చేవి ఇవేనేమో అనుకున్నాం. 2025లో తమిళనాడు ఇక్కడ ఫ్లెమింగో అభయారణ్యం ప్రకటించింది. రైలు ఉంటే ఇవి ఇంత దగ్గరగా నిలబడేవా అని నేనంటే, మావయ్యకు కోపం వచ్చింది. ధనుష్కోడికి మళ్లీ లైను వేస్తామని 2019లో శంకుస్థాపన జరిగింది, పట్టా మాత్రం పడలేదు. వేయాలన్నది ఆయన వాదన. నేను వద్దన్నాను. 2017లో నేల చివరి కొస అరిచల్‌మునై దాకా తెరిచిన హైవేనే చూడమన్నాను. ఆటో వెళ్తుంటే చాలాచోట్ల ఇసుక రోడ్డు మీదికి పారుతోంది, కుడి పక్క అల వచ్చి రాతికట్టడానికి కొడుతోంది. రోడ్డు మీద ఇసుకైతే తోసేస్తారు, పట్టాల మీద పేరుకుంటే రోజూ ఎవరు తీస్తారు? "గ్యాంగ్ పెడతారు, మేం తీయలేదా?" అన్నాడు. ఆయన గ్యాంగులో పనిచేసిన మాచర్ల దారిలో సముద్రం లేదని గుర్తు చేశాను. స్తంభాల మీద వేస్తే సరిపోతుందన్నాడు. సేతువు మొదలైన చోట నిలబడి అత్తయ్య దండం పెట్టుకుంటుంటే పక్కన మేం ఇదే వాదించుకుంటున్నాం.

సాయంత్రమయ్యేసరికి పోలీసులు అందరినీ వెనక్కి పంపేస్తారు. నీడ లేదు కాబట్టి పొద్దున్నే వెళ్లడం మేలు. టౌన్ బస్సులు కూడా ఉన్నాయి గానీ, కట్ట చూడాలంటే కావాల్సిన చోట ఆపే బండి ఉండాలి. తిరుగు దారిలో మావయ్య డ్రైవర్‌ను తన వైపు లాక్కోవాలని చూశాడు, రైలొస్తే ఊరు బాగుపడుతుంది కదా అని.

"రైలొస్తే నా ఆటో ఎవరెక్కుతారయ్యా?" అన్నాడు డ్రైవర్.