కోడు దొరికాక మొదలయ్యే పని: పాత హోండా సిటీకి వెండి రంగు సరిపోల్చిన వివరాలు

సంక్రాంతి తర్వాత

2010 నాటి హోండా సిటీకి ఎడమవైపు ముందు మడ్‌గార్డు సొట్టపడింది, దాని వెంట పడిన గీత ముందు తలుపు అంచును కూడా తాకింది. సొట్ట తీసే టింకరింగు పనిని తిరుపతి ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రీ చేత చేయించి, లప్పం మొదలు చివరి పాలిషు వరకు మిగిలినదంతా నేనే చేయాలని నిశ్చయించుకున్నాను. ఈ పనిలో నాకు అన్నింటికన్నా ఆసక్తి ఉన్నది రంగు సరిపోల్చడం మీద. వెండి రంగును కొత్తగా వేసినట్టు తెలియకుండా పాత రంగులో కలపడం చాలా కష్టమని పెయింటర్లందరూ చెప్పే మాట. అందుకే చేసిన ప్రతి దశనూ ఇక్కడ రాసిపెడుతున్నాను.

డ్రైవరు వైపు తలుపు తెరిస్తే స్తంభం మీద కనిపించే స్టిక్కరులో రంగు కోడు ఎన్‌హెచ్ 700 ఎం అని ఉంది. దీనికి కంపెనీ పెట్టిన పేరు అలబాస్టర్ సిల్వర్ మెటాలిక్. హోండా కోడులలో ఎన్‌హెచ్ అనే అక్షరాలు తెలుపు, నలుపు, బూడిద, వెండి కుటుంబానికి చెందిన రంగులకు వస్తాయి, ఎరుపు రంగులకు ఆర్, నీలాలకు బి వస్తాయి. చివర ఎం ఉంటే మెటాలిక్ (లోహపు రేణువులు కలిసినది) అనీ, పి ఉంటే పెర్ల్ (ముత్యంలా మెరిసేది) అనీ అర్థం. టఫెటా వైట్ ఈ రెండూ కాని సాదా రంగు కనుక దాని కోడు ఎన్‌హెచ్ 578కి చివర ఏ అక్షరమూ లేదు, క్రిస్టల్ బ్లాక్ పెర్ల్ మాత్రం ఎన్‌హెచ్ 731 పి. టొయోటా ప్లేటు మీద సి/టిఆర్ అన్న చోట ముందు రంగు కోడు, తర్వాత లోపలి అలంకరణ కోడు ఉంటాయి కాబట్టి రెండింటినీ కలిపి చదవకూడదు. ఫోక్స్‌వాగన్ బండ్లలో స్టిక్కరును స్పేర్ టైరు గుంటలో వెతకాలి. అక్కడ ఎల్‌బి9ఎ అని ఉంటే క్యాండీ వైట్, ఎల్‌ఎ7డబ్ల్యు అని ఉంటే రిఫ్లెక్స్ సిల్వర్. మారుతి సుజుకిలో 26యు సుపీరియర్ వైట్, జడ్2ఎస్ సిల్కీ సిల్వర్. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. రిజిస్ట్రేషన్ పత్రంలో రాసి ఉండే "సిల్వర్" అన్న మాటను దుకాణంలో చెబితే దానితో ఏ పనీ జరగదు, ఎందుకంటే ఒకే కంపెనీ వేర్వేరు సంవత్సరాలలో వేర్వేరు వెండి రంగులు వాడుతుంది.

కోడు పట్టుకుని రేణిగుంట రోడ్డు వైపున్న రంగులు కలిపే దుకాణానికి వెళ్లాను. అక్కడి కంప్యూటరులో కోడు కొట్టగానే ఒక సూత్రం (ఏ రంగు ఎంత కలపాలో చెప్పే లెక్క) కాకుండా, మూల సూత్రంతో పాటు దాని వేరియంట్లు కూడా వరసగా వచ్చాయి. ఒకటి కాస్త నీలి ఛాయ ఉన్నది, ఒకటి మెటాలిక్ రేణువులు ముతకగా ఉన్నది, ఒకటి పక్కనుంచి చూసినప్పుడు ముదురుగా కనిపించేది. దీనికి కారణం తెలుసుకుంటే తర్వాతి పని అంతా తేలికవుతుంది. కంపెనీ ఒకే కోడును వేర్వేరు కర్మాగారాలలో, వేర్వేరు సంవత్సరాలలో, వేర్వేరు సరఫరాదారుల రంగుతో వాడుతుంది. ప్రతి విడతకూ కొద్దిపాటి తేడా ఉంటుంది. పైగా కర్మాగారంలో రంగును సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. మనం మరమ్మతులో వాడే రంగు గాలికి గానీ, 60 డిగ్రీల వేడికి గానీ ఆరేది, దాని రసాయనమే వేరు. అందువల్ల మరమ్మతు రంగుల కంపెనీలు అసలు బండ్ల నమూనాలను కొలిచి తమ సొంత సూత్రాలను తయారు చేసుకుంటాయి. కోడు మనల్ని సరైన వీధి వరకు తీసుకువెళుతుంది, ఇల్లు ఏదో మనమే వెతుక్కోవాలి.

శివరాత్రి దాకా

వెతకడానికి ముందు పోల్చదగిన చోటు బండి మీదే కావాలి. మందం కొలిచే మీటరు పెట్టి చూస్తే ముందు తలుపు మీద 110 నుంచి 125 మైక్రాన్ల మధ్య వచ్చింది, వెనక తలుపు మీద ఒకచోట 250 దాటింది. కర్మాగారం నుంచి వచ్చిన రంగు పొరలన్నీ కలిపితే సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్ల మధ్య ఉంటాయి కనుక, వెనక తలుపుకు ఎప్పుడో మళ్లీ రంగు వేశారని తేలిపోయింది. ఆ తలుపుతో పోల్చి కలిపి ఉంటే ఇంకొకరి మరమ్మతు రంగుకు సరిపోయేది తప్ప బండి రంగుకు సరిపోయేది కాదు. సెకండ్ హ్యాండు బండి మీద పని చేసేవారు ఈ మీటరు లేకుండా రంగు కలపడానికి వెళ్లవద్దని నా గట్టి అభిప్రాయం.

తర్వాత ముందు తలుపు మీద అరచేయంత చోటును మెత్తటి రబ్బింగ్ కాంపౌండుతో రుద్ది, మైనం అవశేషాలు పోయేలా తుడిచాను. పదేళ్లకు పైగా ఎండ తిన్న క్లియర్ (రంగు మీద వేసే పారదర్శక పొర) మీద సన్నని గీతలు, మురికి, ఆక్సీకరణ పేరుకుని రంగును పాలిపోయినట్టు చూపిస్తాయి. ఆ పాలిపోయిన రంగుకు సరిపోయేలా కలిపితే, ఒకసారి పాలిషు చేయగానే మొత్తం తేడా బయటపడుతుంది. చాలామంది పెట్రోలు మూత విప్పి దుకాణానికి పట్టుకెళతారు. అది మంచి పద్ధతే, అయితే మూతను కూడా ముందు పాలిషు చేయాలి, అది ఎప్పుడైనా మార్చినదేమో చూసుకోవాలి. బానెట్ కింద, డిక్కీ లోపలి అంచుల మీద ఉండే రంగును మాత్రం పోల్చడానికి వాడకూడదు. అక్కడ కర్మాగారంలోనే రంగు పలచగా పడుతుంది, చాలా చోట్ల క్లియర్ ఉండదు.

వెలుతురు విషయంలో తిరుపతి నాకు బాగా కలిసివచ్చింది. నేరుగా ఎండలో మెటాలిక్ రంగు మెరుపే కళ్లకు కనిపిస్తుంది తప్ప ఛాయ తెలియదు, వీధిదీపాల కిందా ట్యూబులైటు కిందా ఒకేలా కనిపించిన రెండు రంగులు పగటి వెలుగులో విడిపోతాయి. రెండు రంగులలోని వర్ణద్రవ్యాలు వేర్వేరుగా ఉన్నప్పుడు దీపం మారితే వాటి సరిపోలిక కూడా మారిపోతుంది. అందుకని ఉదయం తొమ్మిది పదకొండు గంటల మధ్య, నీడలో, ఉత్తరాకాశం వెలుగు పడే చోట చూడాలి. మా ఊళ్లో ఉత్తరం అంటే కొండ వైపు. ఇంటి వెనక రేకుల షెడ్డు నుంచి బండిని బయటికి తీసి, ముఖం కొండ వైపు ఉండేలా నిలిపితే ఎడమ తలుపు మీద పడమటి నీడలో చక్కటి చెదిరిన వెలుగు పడింది. పక్కింటి పసుపు గోడ ప్రతిఫలించకుండా తెల్లటి దుప్పటి అడ్డం కట్టాను.

ఫాల్గుణం

దుకాణంలో అర లీటరుకు తక్కువ కలిపించలేదు. ఇది డబ్బు దండగ అనిపించవచ్చు. కానీ తూకం యంత్రం 0.1 గ్రాము వరకే చూపిస్తుంది, ఈ వెండి సూత్రంలో నలుపు, నీలం వంటి గాఢమైన టింటర్లు (కలిపే మూల రంగులు) పడేది చాలా కొద్దిగా. 100 మిల్లీలీటర్లు కలిపినప్పుడు ఒక్క చుక్క ఎక్కువైతే ఛాయ మారిపోతుంది, అర లీటరులో ఆ చుక్క అంతగా కనిపించదు. అల్యూమినియం ఉన్న టింటరు డబ్బా అడుగున పేరుకుని ఉంటుంది కనుక కలిపే యంత్రాన్ని ముందుగా పది పదిహేను నిమిషాలు తిప్పమని అడగడానికి మొహమాటపడకూడదు.

కలిపిన రంగును వేలితో రాసి చూడడం, కర్రతో చూడడం మెటాలిక్‌కు పనికిరావు. రేణువులు ఏ కోణంలో పడుకున్నాయన్నదాన్ని బట్టి ఈ రంగు కనిపించే తీరు మారుతుంది కాబట్టి, బండి మీద వాడబోయే స్ప్రే గన్నుతోనే, అదే గాలి ఒత్తిడితో, అదే థిన్నరుతో అట్టముక్కల మీద స్ప్రే చేయాలి. నేను నలుపు తెలుపు గళ్లున్న అట్టలు వాడాను. గళ్లు కనిపించకుండా పోయేదాకా ఎన్ని కోట్లు (పూతలు) పట్టాయో అట్ట వెనక రాసి, ఆరాక సగం అట్ట మీద క్లియర్ కొట్టాను. క్లియర్ లేని సగం మాసినట్టు లేతగా ఉంటుంది, దాన్ని చూసి నిర్ణయానికి రాకూడదు.

మూల సూత్రంతో కొట్టిన అట్టను తలుపు మీద పెడితే ఎదురుగా చూసినప్పుడు ఎక్కడా తేడా కనిపించలేదు. అప్పుడు మేస్త్రీ తలుపు పక్కన వంగి, "సార్, ఎదురుగా కుదిరింది, ఇట్లా పక్కన్నించి చూడండి" అన్నాడు. ఏటవాలు కోణంలో చూస్తే అట్ట ముదురుగా, తలుపు తెల్లగా ఉంది. అందుకే వెండి రంగును కనీసం మూడు చోట్ల నుంచి చూడాలి: నేరుగా, సుమారు 45 డిగ్రీలలో, తలుపు వెంబడి దాదాపు సమాంతరంగా. పెద్ద వర్కుషాపులలో వాడే బహుకోణ స్పెక్ట్రోఫోటోమీటరు చేసే పని కూడా ఇదే, అది కంటి బదులు సంఖ్యలలో చెబుతుంది.

పక్క ఛాయను లేతగా చేయడానికి రెండు మార్గాలు ఉన్నాయి. కొద్దిగా తెలుపు టింటరు వేస్తే పక్క లేతబడుతుంది గానీ రంగు పాలలా మందగిస్తుంది, మెరుపు తగ్గుతుంది. ఫ్లాప్ కంట్రోలరు అనే ద్రవం వేస్తే రేణువులు పూర్తిగా పడుకోకుండా కాస్త నిలబడి, ఎదురు ఛాయ కొంచెం ముదిరి పక్క ఛాయ లేతబడుతుంది. నేను టింటర్ల జోలికి వెళ్లకుండా ముందు వేరియంట్లు పరీక్షించాను. ముతక రేణువుల వేరియంటు పక్కనుంచి కూడా చాలా దగ్గరకు వచ్చింది. ఇంటి దగ్గర టింటర్లతో ఆడుకోవడం కన్నా కంపెనీ ఇచ్చిన వేరియంట్లన్నీ అట్టల మీద చూడడమే మేలని నేను నమ్ముతున్నాను. మిగిలిన కాస్త తేడాను గన్ను పట్టే తీరుతో సరిదిద్దవచ్చు. గాలి ఒత్తిడి పెంచి పలచగా, పొడిగా కొడితే రేణువులు పైనే నిలిచి రంగు లేతగా వస్తుంది. తడిగా, చిక్కగా కొడితే రేణువులు లోపలికి దిగి ముదురుగా వస్తుంది. థిన్నరు త్వరగా ఆరేదైతే లేతగా, నెమ్మదిగా ఆరేదైతే ముదురుగా వస్తుందన్నది కూడా ఇందుకే.

ఉగాది తర్వాత

లప్పాన్ని 120, 240 నంబరు ఉప్పుకాగితాలతో, దాని మీద వేసిన సర్ఫేసరును (రంగుకు ముందు వేసే పూతను) 400తో, చివరగా తడిపి 800తో రుద్దాను. దీని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. తలుపు మీద రంగు కలిసిపోవాల్సిన భాగాన్ని మాత్రం 1000 కన్నా ముతక కాగితంతో ముట్టుకోలేదు. వెండి రేణువులు గీతల వెంబడి పడుకుని కింద ఉన్న ప్రతి గీతనూ చూపిస్తాయి.

రంగు, క్లియర్ రెండూ మేస్త్రీ షెడ్డులో, ఎగ్జాస్టు ఫ్యాను ఉన్నచోట, నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణిగాక ఉదయం పూట వేశాను. రంగు డబ్బాల మీద సమయాలు 20 డిగ్రీల ఉష్ణోగ్రతకు రాసి ఉంటాయి. ఉగాది దాటాక తిరుపతిలో మధ్యాహ్నం 38 దాటుతుంది, హార్డెనరు (గట్టిపరిచే ద్రవం) కలిపిన క్లియరు పనికివచ్చే సమయం ప్రతి పది డిగ్రీలకూ దాదాపు సగానికి పడిపోతుంది. కాబట్టి నెమ్మదిగా ఆరే థిన్నరు, హార్డెనరు తీసుకుని, కొద్దికొద్దిగా కలుపుకున్నాను. ఈ హార్డెనరులో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. వాటికి వాసన తెలియకపోయినా ఊపిరితిత్తులకు శాశ్వతమైన ఉబ్బసం తెచ్చిపెట్టగలవు. గుడ్డ కట్టుకోవడం, మామూలు దుమ్ము మాస్కు పెట్టుకోవడం రక్షణ కావు. గొట్టం ద్వారా బయటి గాలి అందే ముసుగు వేసుకోకుండా క్లియర్ కొట్టవద్దని ఈ పని నేర్చుకునే ప్రతివారినీ వేడుకుంటున్నాను.

మడ్‌గార్డు మొత్తానికి 1.3 మిల్లీమీటర్ల నాజిలుతో, గన్ను దగ్గర 2 బార్ల ఒత్తిడితో, 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం నుంచి బేస్ కోట్లు (క్లియర్ కింద ఉండే అసలు రంగు పూతలు) వేశాను. ప్రతి కోటు మెరుపు పోయి మాసినట్టు ఆరాకే తర్వాతిది వేయాలి. తలుపు మీద ముందుగా రంగులేని బ్లెండింగ్ ద్రవం తడిగా కొట్టి, దాని మీద బేసును ముందు అంచు నుంచి మూడో వంతు వరకు, ప్రతి కోటూ కిందటిదానికన్నా కాస్త ముందుకు సాగేలా పలచబరుస్తూ వెళ్లాను. ఆ ద్రవం లేకపోతే అంచున పడే పొడి తుంపర లేత మచ్చలా మిగులుతుంది. చివరి కోటును 30 సెంటీమీటర్ల దూరం నుంచి, ఒత్తిడి తగ్గించి, పొగమంచులా వేస్తే రేణువులు సమంగా సర్దుకుని మబ్బుమచ్చలు రాలేదు. తర్వాత మడ్‌గార్డుకూ తలుపుకూ కొస నుంచి కొస వరకు క్లియర్ వేశాను, తలుపు మధ్యలో క్లియరును ఆపలేదు. ఎంత మంచి సరిపోలికనైనా మడ్‌గార్డు అంచు దగ్గర ఆపితే, రెండు ప్యానళ్ల మధ్య నిలువు గీత దగ్గర కన్ను తేడాను పట్టేస్తుంది. తేడాను ఒక అంచున కాకుండా ఒక అడుగు నిడివిన పరిస్తే కంటికి ఆనదు.

బానెట్ మీదికి మాత్రం రంగును సాగదీయలేదు. అది అడ్డంగా పడుకున్న ప్యానలు కనుక దాని మీద వెలుగు పడే కోణమే వేరు, నిలువుగా ఉన్న మడ్‌గార్డుతో దానికి ఉన్న కొద్ది తేడా బండి కొత్తగా ఉన్నప్పుడూ ఉంటుంది.

వారం ఆరనిచ్చి, దుమ్ము పడ్డ చోట్ల 2000 కాగితంతో తడిపి రుద్ది పాలిషు చేశాను. కొండ వైపు నీడలో మూడు కోణాలలోనూ చూస్తే తలుపు మీద రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో నాకు కనిపించలేదు. రాత్రి పెట్రోలు బంకు ఎల్‌ఈడీ దీపాల కింద మడ్‌గార్డు ఒక పిసరు చల్లని ఛాయలో ఉంది. దాన్ని అలాగే ఉంచుతున్నాను.

ఇక మిగిలింది ముందు బంపరు. ప్లాస్టిక్ బంపర్లకు కంపెనీలో కూడా విడిగా, తక్కువ వేడిలో రంగు వేస్తారు కాబట్టి కొత్త బండి మీద సైతం బంపరు ఛాయ మడ్‌గార్డుతో అచ్చం కలవదు. దానికి ప్లాస్టిక్ ప్రైమరు వేసి, మిగిలిన అదే డబ్బా రంగును మళ్లీ బాగా కలిపి, కొత్త అట్ట మీద కొట్టి చూశాకే మొదలుపెడతాను. ఈ అట్టను పోల్చేది కొత్త మడ్‌గార్డుతో కాదు, బంపరు కుడి చివర ఇంకా ముట్టుకోని పాత రంగుతో. ఎండ తగ్గి, వానలు ఇంకా పట్టని రోజుల కోసం చూస్తున్నాను.