క్రీకీ అంటే పారేయమని కాదు

స్లాబు ఇళ్లలో పెరిగిన మన హైదరాబాదీలకు నేల కూడా శబ్దం చేస్తుందని తెలియదు. నాకు న్యూజెర్సీలో అద్దెకున్న పాత ఇంట్లో తెలిసింది. అక్కడి ఇళ్లు చాలావరకు కర్రవే. చలికాలం హీటర్ వేడికి తేమ ఆరిపోయి చెక్క కుదించుకుపోతుంది, మేకు దగ్గర సందు పడుతుంది. అడుగు వేస్తే చెక్క ఆ మేకుకు రాసుకుని కిర్రుమంటుంది. అర్ధరాత్రి ఆఫీసు సిస్టమ్ ఆగిందని ఆన్‌కాల్ ఫోనొస్తే లేచి నాలుగడుగులు వేసేదాన్ని, కింది వాటా పెద్దాయనకు మెలకువ వచ్చేది. పొద్దున కనిపిస్తే ‘క్రీకీ ఫ్లోర్ (కిర్రుమనే నేల), ఏం చేస్తాం’ అని నవ్వేవాడు. దాన్ని బాగు చేయించాలన్న ఆలోచన ఆయనకు ఏ రోజూ వచ్చినట్టు లేదు.

తర్వాత ఆ మాట ఆఫీసులో, మీటింగుల్లో వినిపించడం మొదలైంది. మెట్లు క్రీకీ, తలుపు క్రీకీ, యాభై దాటినవాళ్ల మోకాళ్లు క్రీకీ, పాత సినిమా కథ క్రీకీ. గొంతు అడుగు నుంచి గరగరగా వచ్చే మాటతీరును భాషాశాస్త్రంలో క్రీకీ వాయిస్ అనే అంటారు. స్క్వీకీ వేరు. అది సన్నగా కీచుమనేది, కొత్త బూట్లకైనా సరిపోతుంది. పైగా ‘స్క్వీకీ క్లీన్’ అంటే మచ్చలేనిదని మెచ్చుకోలు. రికెటీ ఇంకోరకం. పిల్లల ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బు పేరు నుంచి వచ్చిన మాట. ఊగుతోంది, కూలొచ్చు అని అర్థం. రికెటీ నిచ్చెన ఎక్కకూడదు. క్రీకీ మెట్లు మాత్రం రోజూ ఎక్కుతూనే ఉంటారు.

ఈ తేడా తెలిస్తే అమెరికా వాళ్ల మెయిళ్లు సగం అర్థమైనట్టే.

మా తరం చాలామంది అమెరికా వెళ్లిందే క్రీకీ సిస్టమ్స్, అంటే పాతబడి కిర్రుమంటున్నా పనిచేసే కంప్యూటర్ వ్యవస్థల పుణ్యాన. 1990ల చివర్లో అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఏ గల్లీలో చూసినా మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్), కోబాల్ కోర్సుల బోర్డులే. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచుకున్న పాత ప్రోగ్రాములు 2000 వస్తే తికమకపడతాయని భయం. ఆ ప్రోగ్రాములు రాసిన కోబాల్ 1959లో మొదలైన కంప్యూటర్ భాష, అప్పటికే ముసలిది. దాన్ని నేర్చుకుని విమానం ఎక్కాం. వై2కే అని పిలిచిన ఆ 2000 గండం దాటింది, సిస్టమ్స్ మాత్రం అలాగే ఉన్నాయి. 2020 ఏప్రిల్‌లో కరోనాతో ఉద్యోగాలు పోయినవాళ్ల దరఖాస్తులు వెల్లువెత్తితే, నలభై ఏళ్లు దాటిన కంప్యూటర్లను నడపడానికి కోబాల్ తెలిసినవాళ్లు సాయానికి రావాలని న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ విలేకరుల సమావేశంలో అడిగారు. మా వాట్సాప్ గ్రూపులో ఆ రోజంతా జోకులే. నాకు మాత్రం కొంచెం గర్వంగానే అనిపించింది.

అసలు కిర్రుమనడాన్ని మనవాళ్లు ఎప్పుడు తప్పుపట్టారు? కిర్రు చెప్పులేసుకుని వీధిలో నడవడం ఒకప్పుడు దర్జా. పాడైనదాన్ని తిట్టడానికి మనకు ‘డొక్కు’ ఉంది. డొక్కు స్కూటర్ అంటే అమ్మేయాల్సిందే. క్రీకీని డొక్కు అనుకుంటేనే చిక్కు.

ఇప్పుడు నేను రాయదుర్గం ఆఫీసులో అదే పాత సిస్టమ్స్ పని ఈ ఒడ్డు నుంచి చేస్తున్నాను. కొత్తగా చేరిన కుర్రాడు మొన్న క్లయింటు మెయిల్ పట్టుకుని కంగారుగా వచ్చాడు. ‘అక్కా, మన సిస్టమ్ క్రీకీ అంట. మొత్తం తిరగరాయమంటున్నారా?’ అప్పటికే ఆర్నెల్ల రీరైట్ ప్లాన్‌తో స్లైడ్లు మొదలుపెట్టేశాడు. ‘ముందు ఏ ప్రోగ్రాం దగ్గర ఇబ్బందో అడుగు’ అన్నాను. అడిగాడు. నెలాఖరు రిపోర్టు పొద్దున ఎనిమిదికి రావాల్సింది తొమ్మిదిన్నరకు వస్తోందట. అంతే. డేటాను వరుసలో పెట్టే సార్ట్ స్టెప్ ఒకటి సరిచేసి పంపించాం.