సైకిలంటే సన్నటి కారు కాదు
మూడు వారాలుగా ప్రోగ్రాం రాసి కంప్యూటర్‌లో ఉత్తుత్తి ట్రాఫిక్ నడుపుతున్నా. కార్లు చెప్పిన మాట వింటున్నాయి, తంటా అంతా సైకిళ్లతోనే. మొదట్లో బద్ధకించి, సైకిలంటే సన్నగా, మెల్లగా పోయే కారే కదా అని రాసేశా. రెడ్ లైట్ పడగానే అది పోయి కార్ల వెనకాల బుద్ధిగా నిలబడింది, పక్కన కావలసినంత సందు ఉన్నా సరే! ఏ సైకిలిస్టు ఆగుతాడండీ అలా?

తప్పు నా ఒక్కడిదే కాదులెండి. 1992లో నాగెల్, ష్రెకెన్‌బర్గ్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు ఇచ్చిన ట్రాఫిక్ మోడల్‌లో రోడ్డంటే 7.5 మీటర్ల గడుల వరుస, గడికో కారు. రెండు మీటర్లు కూడా లేని సైకిల్ని అందులో ఎక్కడ పెట్టను?

విసుగొచ్చి చివరికి నేనే సైకిలెక్కా. దూరంగా రెడ్ కనిపించగానే తొక్కడం మానేశా, కాలు కింద పెట్టకుండా గ్రీన్ పడేదాకా ఎలాగోలా ఈడ్చుకొద్దామని. వేగం తగ్గేకొద్దీ హ్యాండిల్ అటూ ఇటూ ఊగడం మొదలైంది, అంటే నెమ్మదిగా పోతున్నప్పుడే నాకు ఎక్కువ వెడల్పు కావాలన్నమాట, కారుకి ఈ బాధ లేదు. ఇంటికొచ్చి గడులు పీకేసి, పక్కకి జరిగే స్వేచ్ఛ, ఆగాలంటే బద్ధకం, రెండూ పెట్టా. ఇప్పుడు సైకిళ్లు సందుల్లో దూరి ముందుకొచ్చేస్తున్నాయి. ఒకటి మాత్రం ఇంకా బస్సుని గుద్దుతూనే ఉంది.