వ్యసనాల కంటే ముందు అడిగినవి

ఎర్రగడ్డ ఆసుపత్రిలో చేరిన మూడో రోజున, చేతుల వణుకు కొంత తగ్గాక, ఒక సోషల్ వర్కర్ ఫారం పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చి, ఎంత తాగుతారని అడగడానికి ముందే, ఎంతవరకు చదివారు, నెలకు ఎంత వస్తుంది, ఎవరితో ఉంటున్నారు, ఊరు విడిచి ఎన్నేళ్లయింది అని అడిగారు. తాగుబోతుకు ఈ కులగోత్రాలన్నీ ఎందుకని చిరాకుపడ్డాను.

మాది నాగర్‌కర్నూల్ వైపు పల్లె. ఐటీఐ మధ్యలో వదిలేసి, ఇరవై ఒకటో ఏట జీడిమెట్లలో లేత్ మిషన్ మీద పనికి కుదిరాను. రాత్రి డ్యూటీలో కునుకు పడితే వేళ్లు పోతాయి గనుక జర్దా మొదలైంది. పగలు రేకుల గది వేడికి నిద్ర పట్టదు గనుక క్వార్టర్ మొదలైంది. అద్దె మోయలేక భార్యను, కూతురిని ఊరికి పంపాక ఫోనులో రమ్మీ చేరింది. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని 2017లోనే నిషేధించినా, లొకేషన్ మార్చే ఉపాయం గదిలోని కుర్రవాడు నేర్పాడు. శనివారం జీతం ఆదివారం రాత్రికి పోయేది. ఆ దిగులుకు మళ్లీ మందు.

ఒకసారి మందు ఒక్కటే మానాను. జర్దా పొట్లాలు రోజుకు నాలుగు నుంచి పదికి పెరిగాయి, నెల తిరగక ముందే మందూ తిరిగి వచ్చింది. రెండోసారి హఠాత్తుగా ఆపేస్తే మర్నాటి రాత్రి మూర్ఛ వచ్చింది. ఏళ్ల తరబడి మద్యానికి అలవాటు పడిన మెదడుకు అది ఒక్కసారిగా అందకపోతే ఇలాగే అదుపు తప్పుతుందని, అటువంటి మూర్ఛ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తుందని డాక్టరు గారు చెప్పి, థయమిన్ అనే బి1 విటమిన్ ఇంజెక్షన్లు, క్రమంగా తగ్గించే మాత్రలు రాశారు. మూడింటికీ కలిపే వైద్యం చేయాలన్నారు. ఎర్రగడ్డ పేరెత్తితే పిచ్చి అనుకుంటారని మా బావమరిది ఊళ్లో టైఫాయిడ్ అని చెప్పాడు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం, ఆడవాళ్లలో 6.7 శాతం మద్యం తాగుతారు. మగవాడిగా పుట్టడమే సగం దారి అని ఆ లెక్క చూసి నవ్వుకున్నాను గాని, అంతమంది తాగుతున్నా అందరికీ నాలాగ మూడు వ్యసనాలు ముడిపడలేదు. మా షెడ్డులోనే పగటి డ్యూటీ చేస్తూ ఇల్లాలితో ఉండే మిత్రుడు ఆదివారం తాగి సోమవారం పనికి వచ్చేవాడు. అతని మనసు నాకంటే గట్టిదని నేను ఒప్పుకోను. అతనికి నిద్రపోవడానికి రాత్రి ఉండేది.

పద్నాలుగు నెలల తర్వాత మొన్న మళ్లీ అదే ఫారం నింపారు. ఎవరితో ఉంటున్నారన్న చోట భార్య, కూతురు అని రాయించాను. ఆదాయం గడిలో పాత అంకే ఉంది. మందు, రమ్మీ లేవు. రాత్రి డ్యూటీ పడిన వారం మాత్రం రోజుకు రెండు జర్దా పొట్లాలు అవుతున్నాయి, అదీ రాయించాను.