జెరెష్ కొండల్లో రోమన్ రోడ్డు

రోమన్ రోడ్డంటే పెద్ద పెద్ద బండలు పరిచిన దారి ఉంటుందనుకుంటాం కదా, నిన్న పోర్చుగల్ ఉత్తరాన జెరెష్ కొండల్లో గైడ్‌తో కలిసి నడిచిన ‘జెయిరా’ మాత్రం చాలా చోట్ల ఓక్ చెట్ల మధ్య మామూలు మట్టిబాటే. క్రీ.శ. 80 ప్రాంతంలో బ్రాగా నుంచి ఇప్పటి స్పెయిన్‌లోని అస్తోర్గా దాకా 300 కిలోమీటర్లకు పైగా వేశారు. కొండల్లో నడుస్తున్నా పెద్దగా ఆయాసం రాలేదు, బండ్లు లాగే పశువులు అలిసిపోకుండా నిట్టనిలువు ఎక్కుడు లేకుండా కొండవాలు వెంబడి తిప్పుకుంటూ తీసుకెళ్లారట. మన ఘాట్ రోడ్ల లెక్కే అన్నమాట!

నాకు పిచ్చిగా నచ్చింది మైలురాళ్లు. మన రోడ్ల పక్కన మోకాలెత్తు రాళ్లు కావు, గుండ్రటి గ్రానైట్ స్తంభాలు, కొన్ని నా కంటే ఎత్తు. ఒక్కో మైలు దగ్గర ఒకటి కాదు, గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఎందుకంటే తర్వాత వచ్చిన చక్రవర్తులు కూడా తమ పేర్లు, బిరుదులు చెక్కించి కొత్తవి పాతించారు. పాతవాటి పక్కనే! శిలాఫలకాల మోజు మన నాయకులతోనే మొదలైందనుకునేవాణ్ణి.

దారిలో విలరిన్యో ద ఫుర్నా రిజర్వాయర్ కూడా చూపించారు. 1970ల మొదట్లో డ్యామ్ కట్టినప్పుడు ఊరు ఊరంతా మునిగిపోయింది, నీళ్లు బాగా తగ్గినప్పుడు గోడలు బయటపడతాయట. శ్రీశైలం ముంపు ఊళ్ల గురించి విన్నవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

టూర్‌లో ఒకటే నచ్చలేదు, మైలురాళ్ల దగ్గర పది నిమిషాలు కూడా నిలబడనివ్వలేదు కానీ భోజనానికి మాత్రం గంటన్నర ఇచ్చారు.