మద్రాసు రేవు పాత ఫోటో ఏ ఏడాదిదో తేల్చడం ఎలా

మద్రాసు రేవు పాత ఫోటో చేతికి రాగానే అందరి కన్నూ ముందు కింద ఉన్న రాత మీదకే పోతుంది. నిజానికి దాన్ని ఆఖర్న చూడాలి. స్టూడియోలు ఒకే నెగటివ్ నుంచి ఏళ్ల తరబడి కాపీలు తీసి అమ్మేవి. 1880ల్లో తీసిన దృశ్యం 1910 నాటి పోస్టుకార్డు మీద కనిపించడంలో వింతేమీ లేదు. అందుకే రెండు తేదీలు విడివిడిగా తేల్చుకోవాలి: కెమెరా ముందున్నది ఏ కాలం, చేతిలో ఉన్న కాగితం ఏ కాలం.

మొదటిది సముద్రపు అంచే చెబుతుంది. మద్రాసుకు సహజమైన రేవు లేదు. ఓడలు దూరాన లంగరు వేసుకునేవి, సరుకూ మనుషులూ పడవల మీద కెరటాలు దాటి ఒడ్డుకు చేరేవారు. 1861లో ఇనుప స్తంభాల మీద సముద్రంలోకి వెయ్యి అడుగులకు పైగా సాగే వారధి వచ్చింది. ఆ వారధి ఉండి, దాని చుట్టూ రాతి అడ్డుగోడలు లేకపోతే ఫోటో 1861కీ 1870ల చివరికీ మధ్యది. వేల్స్ యువరాజు రేవుకు శంకుస్థాపన చేసింది 1875 డిసెంబరులో. కట్టిన గోడల్ని 1881 నవంబరు తుపాను కూల్చేసింది. మళ్లీ కట్టి 1890ల మధ్యకి పూర్తి చేశారు. అప్పటి ముఖద్వారం నేరుగా తూర్పుకు తెరిచి ఉండేది. దాంతో అలలు లోపలికి వచ్చేవి, ఇసుక మేట వేసేది. 1904లో రేవు బాధ్యత తీసుకున్న ఇంజనీరు ఫ్రాన్సిస్ స్ప్రింగ్ ఆ ద్వారం మూయించి ఈశాన్యాన కొత్తది తెరిపించాడు. 1911కల్లా ఆ పని అయిపోయింది. కాబట్టి తూర్పు గోడ మధ్యలో ఖాళీ కనిపిస్తే ఫోటో ఆ మార్పుకు ముందుది.

తర్వాత లైట్‌హౌస్ వెతకండి. సెయింట్ జార్జి కోటకు ఉత్తరాన మైదానంలో ఒంటరిగా నిలబడ్డ రాతి స్తంభం 1844లో వెలిగింది. దాని పక్కన హైకోర్టు గుమ్మటాలు లేకపోతే ఫోటో 1880ల చివరికంటే పాతది. గుమ్మటాల దగ్గర పరంజా కనిపిస్తే కట్టడం నడుస్తున్న రోజులవి, ఎందుకంటే భవనం తెరిచింది 1892లో. 1894 నుంచి దీపం హైకోర్టు పెద్ద గుమ్మటం మీదకు మారింది. వీధి ఫోటో అయితే ట్రాం పట్టాలు చూడండి, విద్యుత్ ట్రాం 1895లో మొదలైంది. మొదట కరెంటు నేలలోని గాడి గుండా వచ్చేది, పైన తీగలు తర్వాత వచ్చాయి. అందుకని తీగలు లేవు కదా అని ట్రాం రాకముందు ఫోటో అనుకోకూడదు.

గాజు నెగటివ్‌ను తిరగేసి ముద్రిస్తే బొమ్మ ఎడమ కుడి అవుతుంది. సముద్రం మీంచి నగరం కేసి తీసిన ఫోటోలో పడమర ఎదురుగా, ఉత్తరం కుడిచేతి వైపు ఉండాలి. అంటే ఎడమన సెయింట్ జార్జి కోట, దానికి కుడిగా హైకోర్టు, ఇంకా కుడిగా జార్జి టౌన్. ఈ వరస తారుమారైతే బొమ్మ తిరగబడినట్టే. నీడలు కూడా పనికొస్తాయి. బీచ్ రోడ్డు భవనాల ముఖం తూర్పుకు ఉంటుంది కాబట్టి ముందు గోడ మీద ఎండ పడితే అది పొద్దుటి పూట.

ఇసుకను కొలవడం చాలామంది మరిచిపోతారు. ఈ తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. రేవు గోడలు దాన్ని ఆపేసరికి దక్షిణాన మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు ఒడ్డు కోసుకుపోయింది. ప్రెసిడెన్సీ కాలేజీ ముందు ఇసుక ఎంత సన్నగా ఉంటే ఫోటో అంత పాతది.

ఓడల నుంచి కెరటాలు దాటించి సరుకును ఒడ్డుకు చేర్చిన మసూలా పడవ కనిపిస్తే భూతద్దం పెట్టి అంచు చూడండి. పలకల్ని మేకులతో కాకుండా కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. ఆ అడ్డదిడ్డపు కుట్లు మంచి ప్రింటులో స్పష్టంగా కనిపిస్తాయి. మేకులు కొట్టిన గట్టి పడవ కెరటం ధాటికి నేలకు తగిలితే పగిలిపోతుంది, కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది. తెడ్డు అంటే పొడవాటి కర్ర, దాని చివర కట్టిన గుండ్రటి పలక. దుంగలు కట్టిన తెప్పను కూడా మసూలా అని రాసిన కార్డులుంటాయి, అది తప్పు.

నగరం బయటి ఫోటోల్లో బకింగ్‌హామ్ కాలువవి తెలుగువాళ్లు ప్రత్యేకంగా చూడాలి. నెల్లూరు, గుంటూరు తీరాల సరుకు, శ్రీహరికోట కట్టెలు ఆ కాలువ మీదే మద్రాసు చేరేవి. ఆ పేరు 1878లో వచ్చింది, కాలువలోని పాత భాగాలు అంతకు డెబ్బై ఏళ్ల ముందువి. ఇక 1876–78 కరువు ఫోటోలు. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు ఆ కరువులో నలిగిపోయాయి. విలోబీ హూపర్ తీసిన ఆ ఎముకల గూళ్ల ఫోటోలను 1943 బెంగాల్ కరువని పంచుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చనిపోయినవాళ్లకు వాళ్ల ఊరైనా దక్కకుండా చెయ్యడం అన్యాయం. పంచుకునే ముందు కాలం సరిచూడండి.

కాగితం సంగతి పది రెట్ల భూతద్దంతో తేలుతుంది. పల్చటి కాగితం, గోధుమ పసుపు రంగు, పైన మెరుపు, లోపల కాగితపు పోగులు కనిపిస్తే అది గుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమెన్ ప్రింటు, సుమారుగా 1850ల నుంచి 1890ల దాకా. పోగులు కనిపించకుండా, నల్లటి చోట్ల అద్దంలాంటి వెండి తళుకు తేలితే జెలటిన్ ప్రింటు, ఎక్కువగా 1890ల తర్వాతది. వరసగా చుక్కలుంటే అది ఫోటో కాదు, బ్లాకు అచ్చు. చుక్కలకు బదులు సన్నటి ముడతల్లాంటి గీతలుంటే కొలోటైప్ అనే మరో రకం అచ్చు. ఆకాశం ఖాళీగా తెల్లగా ఉంటే దిగులు పడొద్దు, నాటి గాజు ప్లేట్లకు నీలం రంగు అతిగా పట్టేది. మబ్బులు మరీ అందంగా ఉన్నాయంటే మాత్రం అవి వేరే నెగటివ్ నుంచి తెచ్చి అతికించినవేమో అనుమానించాలి.

స్కాన్ చేసేటప్పుడు అంగుళానికి 600 చుక్కలు, ఒక్కో రంగుకు 16 బిట్లు, టిఫ్ ఫైలు. 8×10 అంగుళాల ప్రింటుకు దాదాపు 173 మెగాబైట్లు అవుతుంది, అయినా తగ్గించకండి. పడవ కుట్లు, ఓడ పేరు లాంటివి తేలాలంటే ఆ చిన్న భాగాన్నే 1200తో మరోసారి తీయండి. దుమ్ము తొలగించే ఆటోమేటిక్ బటన్ ఆపేయండి, అది తెరచాప తాళ్లను గీతలనుకుని చెరిపేస్తుంది. చుట్టుకుపోయిన ఆల్బుమెన్ ప్రింటును చేత్తో నొక్కి సాపు చేస్తే పూత పగులుతుంది. అట్టకు అంటించినదైతే ఊడదీయకండి, లామినేషన్ అసలే వద్దు. అట్ట వెనక వైపు కూడా స్కాన్ చేయండి, స్టూడియో ముద్ర, పెన్సిలు రాత చాలాసార్లు అక్కడే ఉంటాయి. మీరు ఏదైనా రాయాలంటే అట్ట వెనక అంచున మెత్తటి పెన్సిలుతోనే రాయండి. బాల్‌పెన్ ఒత్తితే ఆ గాడి ముందు వైపు ఆకాశంలో తేలుతుంది.