ఆ ప్రింటు ఎక్కడ దొరికింది?

పాత చైనా సినిమా డిస్కు ఏది చేతికొచ్చినా, పెట్టి చూడకముందే దాని అసలు ప్రింటు ఎక్కడ దొరికిందో వెతుక్కుంటాను. 1920ల షాంఘై సినిమాల్లో ఎక్కువ భాగం ఇప్పుడు లేవు. అప్పటి నైట్రేట్ ఫిల్ముకి ఇట్టే నిప్పంటుకునేది, లేదంటే డబ్బాలోనే పాడైపోయేది. దానికి తోడు 1932 జనవరిలో జపాన్ బాంబులకి షాంఘైలో చాలా స్టూడియోలు ధ్వంసమయ్యాయి. మిగిలినవి ఎక్కడెక్కడో బతికాయి. 1927 నాటి ‘సాలెపురుగుల గుహ’ నార్వేలో ఆడిన ప్రింటు, అక్కడి జాతీయ గ్రంథాలయంలో బయటపడింది. పూర్తిగా లేదు. అయినా చూస్తుంటే ఒళ్లు పులకరిస్తుంది.

‘ప్రేమ, బాధ్యత’ (1931) ఉరుగ్వేలో దొరికింది. అందులో అప్పటి షాంఘై తార రువాన్ లింగ్యు తల్లిగానూ, ఎదిగిన కూతురిగానూ నటించింది. కుట్టుపనితో బతుకుతూ కుంగిపోయిన ఆ తల్లే ఈ చలాకీ పిల్ల అంటే నమ్మబుద్ధి కాదు. మేకప్ కన్నా ఆమె భుజాలే ఎక్కువ పని చేశాయి.

ఆమెదే ‘దేవత’ (1934) నా దగ్గర రెండు కాపీలున్నాయి. కొడుకు కోసం రాత్రిళ్లు వీధిలో నిలబడే తల్లి కథ. పోలీసు తరుముతుంటే ఓ రౌడీ గదిలోకి దూరుతుంది. వాడు పోలీసుని పంపేసి, ఆ సాయానికి బదులు అడుగుతాడు. ఆమె బల్లమీద కూర్చుని సిగరెట్ తాగుతుంది. భయం, అసహ్యం, తప్పదన్న లెక్క అన్నీ ఆ ముఖంలో ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మాట లేదు, మూకీ సినిమా. ఫిల్ముమీది గీతలు తుడిచేసిన కాపీల్లో ఒక్కోసారి ముఖంమీది సన్నని వివరం కూడా మెత్తబడిపోతుంది. అందుకే గీతలున్న పాత కాపీని పక్కన పెట్టలేదు. 1935లో, పాతికేళ్లు నిండకుండానే రువాన్ ప్రాణం తీసుకుంది. అది తెలిశాక ఈ సీను మామూలుగా చూడలేం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి మాత్రం ముందు ‘కూలివాడి ప్రేమ’ చూడమంటాను. 1922 నాటిది. పూర్తిగా మిగిలిన చైనా సినిమాల్లో ఇదే అన్నిటికన్నా పాతది. అరగంట కూడా ఉండదు. పళ్లమ్ముకునే మాజీ వడ్రంగికి డాక్టరు కూతురంటే ఇష్టం. పేషెంట్లు లేని ఆ మామగారి కోసం మేడమెట్లకే ఓ ఏర్పాటు చేస్తాడు. దిగేవాళ్లంతా జారి పడతారు! పిల్లలతో కలిసి చూడండి.